కంపెనీ జెట్ మీద నిలదీయాలంటే ఏం చూడాలి, ఏం అడగాలి

లేఆఫ్‌ల కాలంలో ఇలాంటి వార్త ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. ఫలానా కంపెనీ వేలమందిని ఇంటికి పంపింది, అదే వారం దాని సీఈఓ కంపెనీ జెట్‌లో ఎక్కడికో వెళ్ళాడు. చదివినవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. మండాల్సిన విషయమే. కానీ ఆ కోపం రెండు రోజులు తిట్లుగా తిరిగి చల్లారిపోతే అతనికి వచ్చే నష్టమేమీ లేదు, మూడో రోజు మళ్ళీ అదే జెట్ ఎక్కుతాడు. మీరు ఆ కంపెనీలో ఉద్యోగం పోగొట్టుకున్నవారు కావచ్చు, అందులో నాలుగు షేర్లు ఉన్నవారు కావచ్చు, అది తీసుకున్న ప్రభుత్వ సాయానికి పన్ను కట్టినవారు కావచ్చు. కంపెనీ జవాబు చెప్పక తప్పని విధంగా విమర్శను ఎలా సిద్ధం చేసుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఉదాహరణకి 2008 నవంబరులో వాషింగ్టన్‌లో జరిగిందే తీసుకుందాం. కంపెనీ జెట్ల మీద వచ్చిన గట్టి విమర్శల్లో అదొకటి. అందులో మనం నేర్చుకోవాల్సినవీ ఉన్నాయి, ఆనాడు వదిలేసినవీ ఉన్నాయి.

ముందు సంగతి ఖాయం చేసుకోండి

ఎవరు, ఏ తేదీన, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఏ పని మీద వెళ్ళారు? ఆ సమయానికి కంపెనీ ఎవరి దగ్గర ఏం అడుగుతోంది? ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఇందులో ఒక్కటి తప్పినా కంపెనీ పీఆర్ వాళ్ళు ఆ తప్పునే పట్టుకుంటారు, అసలు విషయం పక్కకి పోతుంది.

2008లో ఆ కాగితం ఇలా ఉండేది. లేమన్ బ్రదర్స్ అనే పెద్ద అమెరికా పెట్టుబడి బ్యాంకు కూలి రెండు నెలలైంది. అప్పు పుట్టక కార్ల అమ్మకాలు పడిపోయాయి. జనరల్ మోటార్స్ అధిపతి రిక్ వాగనర్, ఫోర్డ్ అధిపతి అలన్ ములాలి, క్రైస్లర్ అధిపతి రాబర్ట్ నార్డెల్లి నవంబరు 18న సెనేట్ బ్యాంకింగ్ కమిటీ ముందుకి, 19న ప్రతినిధుల సభ ఆర్థిక సేవల కమిటీ ముందుకి వచ్చారు. అడిగింది 2,500 కోట్ల డాలర్ల ప్రభుత్వ రుణం. ముగ్గురూ అమెరికా కార్ల పరిశ్రమకి కేంద్రమైన డెట్రాయిట్ నుంచే, ఒకే పని మీద, మూడు వేర్వేరు జెట్లలో వచ్చారు.

19వ తేదీన జరిగింది కాస్త దగ్గరగా చూడండి. న్యూయార్క్ సభ్యుడు గ్యారీ అకర్మన్, విలాసవంతమైన జెట్లలో దిగి చేతిలో చిప్ప పట్టుకుని వస్తున్నారని ఎత్తిపొడిచారు. కనీసం ఫస్ట్ క్లాసుకైనా దిగొచ్చు కదా, ముగ్గురూ కలిసి ఒకే జెట్‌లోనైనా రావచ్చు కదా అన్నారు. పేపర్లలో ఎక్కువగా వచ్చింది ఆయన మాటే. నాకు మాత్రం కాలిఫోర్నియా సభ్యుడు బ్రాడ్ షెర్మన్ అడిగిన పద్ధతి ఎక్కువ పనికొచ్చేదిగా కనిపిస్తుంది. ఇక్కడికి మామూలు విమానంలో వచ్చినవాళ్ళు చెయ్యెత్తండి అన్నారు. ఎవరూ ఎత్తలేదు. ఒక్క చెయ్యీ లేవలేదని రికార్డులో రాసుకోమన్నారు. జెట్‌ని ఇక్కడే అమ్మేసి మామూలు విమానంలో తిరిగి వెళ్ళబోయేవాళ్ళు చెయ్యెత్తండి అన్నారు. అప్పుడూ ఎవరూ ఎత్తలేదు. అందులో తిట్టు లేదు, ఊహ లేదు. ఎదుటివాళ్ళు కాదనలేని సంగతిని వాళ్ళచేతే రికార్డులోకి ఎక్కించారు. మీరు రాసేదాంట్లో మొదటి పేరా అలా ఉండాలి.

ఎవరి డబ్బో తేల్చుకోండి

విమర్శ ఎంత బలంగా ఉండాలో దీన్నిబట్టి నిర్ణయించుకోవాలి. సొంత డబ్బుతో సొంత విమానం కొనుక్కున్న మనిషిని కాలుష్యం విషయంలో అడగొచ్చు, పన్నుల విషయంలో అడగొచ్చు. లేఆఫ్‌లతో ముడిపెట్టి అడగడం మాత్రం అంత సులువుగా నిలబడదు. కంపెనీ డబ్బయితే అది షేర్‌హోల్డర్లది. వాళ్ళకి లెక్క అడిగే హక్కుంది. కంపెనీ ప్రభుత్వ సాయం తీసుకుంటున్నా, అడుగుతున్నా పన్ను కట్టే ప్రతి ఒక్కరికీ ఆ హక్కు వస్తుంది. డెట్రాయిట్ ముగ్గురి మీద అంత కోపం రావడానికి కారణం ఇదే. అంతకుముందు కూడా వాళ్ళు కంపెనీ జెట్లలో తిరిగారు, కానీ ఇంత కోపం రాలేదు.

కంపెనీ స్టాక్ మార్కెట్‌లో లిస్టయిందో లేదో కూడా చూడండి. 2008లో క్రైస్లర్ సెర్బెరస్ అనే ప్రైవేటు పెట్టుబడి సంస్థ చేతిలో ఉండేది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ ఏటా షేర్‌హోల్డర్లకి ఇచ్చే వివరాలు క్రైస్లర్ ఇవ్వాల్సిన పనిలేదు. అలాంటి కంపెనీని కాగితాలతో పట్టుకోవడం కష్టం. ప్రభుత్వం దగ్గరికి చెయ్యి చాచి వచ్చినప్పుడే దాన్ని అడగగలరు.

లెక్క వాళ్ళవైపు నుంచి కూడా వేయండి

ఏబీసీ న్యూస్ అప్పట్లో వేసిన అంచనా ఇది. వాగనర్ వచ్చిన జెట్ ఖరీదు 3.6 కోట్ల డాలర్లు. ఆ ఒక్క రానూపోనూ ప్రయాణానికి ఖర్చు సుమారు 20,000 డాలర్లు. అదే దారిలో నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ విమానంలో మామూలు సీటు 288 డాలర్లు, ఫస్ట్ క్లాస్ 837 డాలర్లు.

ఇక్కడ చాలామంది 20,000 పక్కన 288 పెట్టి ఆగిపోతారు. మీరు అలా చేయకండి. అధిపతి ఒక్కడే రాడు, పక్కన సహాయకులుంటారు. నలుగురు ఫస్ట్ క్లాసులో వచ్చారనుకోండి, 3,348 డాలర్లవుతుంది. అప్పుడు జెట్ ఖర్చు దానికి ఆరు రెట్లు. డెబ్బై రెట్లు అని రాస్తే చదివేవాళ్ళు ఉలిక్కిపడతారు కానీ కంపెనీ ఒక్క వాక్యంతో కొట్టిపారేస్తుంది. ఆరు రెట్లు అని రాస్తే కొట్టిపారేయడానికి ఏమీ మిగలదు. సమయం సంగతి కూడా చూడండి. డెట్రాయిట్ ఆనాడు నార్త్‌వెస్ట్‌కి హబ్, అంటే దాని విమానాలకి ప్రధాన కేంద్రం, అక్కణ్ణుంచి రాజధానికి నేరుగా విమానాలున్నాయి. కాబట్టి టైమ్ ఆదా అనే వాదన ఆ దారిలో బలహీనం. విమాన సర్వీసే లేని చిన్న ఊళ్ళో ఉన్న ఫ్యాక్టరీలు రెండు మూడింటికి ఒకే రోజులో వెళ్ళి రావాల్సిన మేనేజర్ విషయంలో అదే వాదన నిజంగానే నిలబడుతుంది. అలాంటి ప్రయాణాన్ని మీ విమర్శలో కలపకండి.

ఇంకో లెక్క కూడా చేసి పెట్టుకోండి, ఎందుకంటే కంపెనీ తప్పకుండా దీన్ని మీ ముందు పెడుతుంది. 2,500 కోట్ల డాలర్లలో 20,000 డాలర్లంటే 12,50,000లో ఒక వంతు. జెట్ అమ్మేసినా జనరల్ మోటార్స్ నిలబడేది కాదు. ఇది మీరే ముందుగా ఒప్పుకుని రాయండి. తర్వాత అసలు విషయానికి రండి. జీతాలు తగ్గించుకోమని కార్మికుల్ని, నష్టం భరించమని దేశాన్ని అడుగుతున్న మనిషికి తన ప్రయాణం ఎలా ఉందో ఒక్కసారి కూడా తట్టలేదంటే, మిగతా ఖర్చుల మీద అతనికి ఎంత పట్టుందని అనుకోవాలి? డబ్బిచ్చేవాళ్ళు అడగదగిన ప్రశ్న ఇదే.

కాగితాల్లో ఎక్కడ వెతకాలి

అమెరికాలో లిస్టయిన కంపెనీ అయితే ఏటా వార్షిక సమావేశానికి ముందు షేర్‌హోల్డర్లకి ప్రాక్సీ స్టేట్‌మెంట్ అనే వివరాల పత్రం ఇస్తుంది. అక్కడి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ వెబ్‌సైట్‌లో, కంపెనీల పత్రాలు దాచే ఎడ్గర్‌లో కంపెనీ పేరు కొట్టి, డెఫ్ 14ఏ అనే ఫారం తెరవండి. అందులో అధికారుల జీతాల పట్టిక ఉంటుంది. దాని చివర్లో ‘ఆల్ అదర్ కాంపెన్సేషన్’ (మిగతా చెల్లింపులన్నీ) అనే గడి, దాని కింద చిన్న అక్షరాల్లో వివరణలు ఉంటాయి. మీరు చదవాల్సింది ఆ చిన్న అక్షరాలే. ఒక అధికారికి ఇచ్చిన సౌకర్యాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే ఏమేం ఇచ్చారో చెప్పాలి. ఏదైనా ఒక్క సౌకర్యం 25,000 డాలర్లు లేదా మొత్తం సౌకర్యాల్లో 10 శాతం, ఈ రెండిటిలో ఏది ఎక్కువైతే దాన్ని దాటినప్పుడు ఎంత ఖర్చయిందో కూడా చెప్పాలి.

చాలామంది పొరబడే చోటు ఇక్కడే. ఆ పట్టికలో కనిపించేది సొంత పనుల మీద చేసిన ప్రయాణాలే. ఇంటికి వెళ్ళిరావడం, సెలవులకి వెళ్ళడం లాంటివి. ఆఫీసు పని మీద చేసిన ప్రయాణం అందులో రాదు. దేశమంతా మండిపడిన ఆ డెట్రాయిట్ నుంచి వాషింగ్టన్ ప్రయాణం ఏ ప్రాక్సీలోనూ కనిపించేది కాదు, అది పని మీద వెళ్ళడం కాబట్టి. అదే ములాలి వారాంతాల్లో సియాటిల్‌లోని ఇంటికి కంపెనీ జెట్‌లో వెళ్ళిరావడం అందులో చూపించాల్సిన ఖర్చు.

పైగా అక్కడ ఇచ్చే అంకె నిజమైన ఖర్చు కంటే చిన్నది. దాన్ని అదనపు ఖర్చు పద్ధతిలో లెక్కకడతారు. ఆ ప్రయాణం వల్ల కొత్తగా అయిన ఇంధనం, ల్యాండింగ్ ఫీజు, సిబ్బంది బస, భోజనం, ఇలాంటివే వస్తాయి. విమానం ఖరీదు, పైలట్ల జీతం, విమానం నిలిపే హ్యాంగర్ అద్దె రావు. కాబట్టి ‘కంపెనీ చూపించిన ఖర్చు ఇంత’ అని రాయండి. ‘మొత్తం ఖర్చు ఇంత’ అని రాయకండి.

మన దేశంలో లిస్టయిన కంపెనీల విషయంలో వార్షిక నివేదికలో డైరెక్టర్ల పారితోషికం, సంబంధిత పక్షాల లావాదేవీలు అనే రెండు చోట్ల చూడాలి. జెట్ ప్రమోటర్ కుటుంబానికి చెందిన వేరే సంస్థ పేరు మీద ఉండి, కంపెనీ దానికి అద్దె కడుతుంటే రెండో చోట కనిపించాలి.

విమానాల కదలికలు ఇంటర్నెట్‌లో చూపించే సైట్లు ఉన్నాయి. వాటిని వాడేటప్పుడు ఒక హద్దు పెట్టుకోండి. ప్రయాణం అయిపోయి, వార్త బయటికొచ్చాక సరిచూసుకోవడానికి వాడండి. ఫలానా మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో ప్రకటించడానికి వాడకండి. విమానం కదిలినంత మాత్రాన అందులో అధిపతి ఉన్నాడని కూడా కాదు. ఖాళీ విమానం తిరిగి రావచ్చు, ఇంకెవరైనా వెళ్ళుండచ్చు. 2008 విచారణలయ్యాక జనరల్ మోటార్స్ తాను వాడే జెట్ జాడ జనానికి కనిపించకుండా చేయమని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏని కోరింది. జనం డబ్బు అడుగుతూ అలా దాచుకోబోవడం నాకు ఆ ప్రయాణం కంటే ఎక్కువ బాధ కలిగించిన విషయం.

వాళ్ళేం చెబుతారో ముందే రాసుకోండి

జవాబులు దాదాపు ప్రతిసారీ అవే ఉంటాయి. భద్రత కోసం బోర్డే ఈ నిబంధన పెట్టిందంటారు. నిజంగానే కొన్ని బోర్డులు పెడతాయి. అప్పుడు మీ ప్రశ్న బోర్డుకి వెళ్ళాలి. ఈ నిబంధన ఎప్పుడు పెట్టారు, చివరిసారి ఎప్పుడు తిరిగి చూశారు, కుటుంబ ప్రయాణాలకి కూడా వర్తిస్తుందా అని అడగండి. ఇంకొకటి, ముఖ్యమైన చర్చ జరుగుతుంటే చిన్న విషయం పట్టుకుని రాద్ధాంతం చేస్తున్నారంటారు. జనరల్ మోటార్స్ ఆనాడు చెప్పింది ఇంచుమించు ఇదే. పైన చెప్పిన 12,50,000లో ఒక వంతు లెక్క మీరే ముందు రాసి ఉంటే ఈ జవాబు పనిచేయదు.

ఒప్పందం ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు వద్దంటే ఎక్కువ నష్టం అనేది మూడో జవాబు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వినడానికి సబబుగా ఉంటుంది. సిటీగ్రూప్ అనే అమెరికా బ్యాంకు అప్పటికి 4,500 కోట్ల డాలర్ల ప్రభుత్వ సాయం తీసుకుని ఉంది, 50,000కి పైగా ఉద్యోగాలు తగ్గిస్తామని 2008 నవంబరులోనే చెప్పింది. 2009 జనవరిలో, అది సుమారు 5 కోట్ల డాలర్ల ఫాల్కన్ 7ఎక్స్ జెట్ తీసుకోబోతోందని బయటపడింది. ఆర్డర్ ఏళ్ళ కిందటిది, రద్దు చేస్తే జరిమానా కట్టాలి, పాత జెట్లు అమ్మేస్తున్నాం అని బ్యాంకు చెప్పుకుంది. వైట్‌హౌస్ నుంచి ఒత్తిడి వచ్చాక జనవరి 27న ఆ జెట్ వద్దనుకుంది. అంటే అంతకుముందు తప్పదన్నది నిజానికి తప్పించుకోగలిగిందే. ఎవరైనా ఈ జవాబు చెబితే రద్దుకి ఎంత, ఉంచుకుని ఏటా నడపడానికి ఎంత, తిరిగి అమ్మితే ఎంత వస్తుంది అని మూడు అంకెలు పక్కపక్కన పెట్టమనండి. మూడూ ఇవ్వగలిగితే ఆ జవాబు నిజమై ఉండచ్చు కూడా.

మీ మాట ఎవరికి తగులుతుందో చూసుకోండి

కాన్సస్ రాష్ట్రంలో విచిటా అనే ఊరుంది. అప్పట్లో సెస్నా, హాకర్ బీచ్‌క్రాఫ్ట్, లియర్‌జెట్ అనే చిన్న విమానాలు అక్కడే తయారయ్యేవి. 2008 చివర్లో ఆర్డర్లు ఆగిపోయి 2009లో ఆ ఊళ్ళో వేలమంది పని పోగొట్టుకున్నారు. సెస్నా తన పెద్ద జెట్ కొలంబస్‌ని అదే సంవత్సరం జులైలో రద్దు చేసుకుంది. ప్రధాన కారణం ఆర్థిక మాంద్యం, అప్పులు పుట్టకపోవడం. జెట్ కొంటే పరువు పోతుందన్న భయం దానికి తోడైంది. విమాన తయారీదారుల సంఘం, వ్యాపార విమానయాన సంఘం కలిసి 2009లో ‘నో ప్లేన్ నో గెయిన్’ అనే ప్రచారం నడిపాయి. ఈ విమానాలు వాడేవాళ్ళలో ఎక్కువమంది చిన్న, మధ్య తరహా వ్యాపారులే అని వాళ్ళ వాదన.

ఆ ఊళ్ళో రివెట్లు కొట్టే కార్మికుడికి వాగనర్ ప్రయాణంతో ఏ సంబంధమూ లేదు. ఇది చూసి విమర్శ మానేయమని నేననను. ‘జెట్లన్నీ దోపిడీ’ అని రాసే ముందు ఆగి, ఏ జెట్, ఎవరి ఖర్చు, ఏ ప్రయాణం అని విడదీసి రాయమంటున్నాను. పైలట్ పేరు, మెకానిక్ పేరు, విమానంలోని సిబ్బంది ఫొటోలు బయట పెట్టకండి.

కోపం చట్టమయ్యేటప్పుడు ఎటు తిరుగుతుందో మన తెలుగువాళ్ళకి బాగా తెలిసిన ఉదాహరణ కూడా ఆ సంవత్సరంలోదే. 2009 ఫిబ్రవరి 17న వచ్చిన ఉద్దీపన చట్టంలో, సాయం తీసుకున్న కంపెనీల బోర్డులు విలాస ఖర్చుల మీద ఒక విధానం పెట్టుకోవాలని, అందులో విమాన ప్రయాణం కూడా ఉండాలని రాశారు. అది మంచిదే. అదే చట్టంలో, సాయం తీసుకున్న కంపెనీలు హెచ్-1బీ మీద కొత్తగా ఎవర్నైనా తీసుకోవాలంటే అదనపు షరతులు రెండేళ్ళపాటు పెట్టారు. బ్యాంకుల్లో ఉద్యోగం వస్తుందని అప్పు చేసి చదువుకుంటున్న పిల్లలకి ఆ తలుపు బిగిసిపోయింది. అధిపతుల మీద మొదలైన కోపం వీసా కోసం ఎదురుచూసే కుర్రాడి మీదకి పోకూడదంటే, ఎవరు ఏం మార్చుకోవాలో మీ రాతలో పేరు పెట్టి చెప్పాలి.

ఒక్కటే అడగండి, కొలవడానికి వీలుగా

‘సిగ్గు లేదా’ అనడం తేలిక, దానికి జవాబు చెప్పకుండా పోవడం ఇంకా తేలిక. దానికి బదులు ఇలాంటివి అడగండి. లేఆఫ్‌లు ప్రకటించిన తేదీ నుంచి ఏడాదిపాటు సొంత ప్రయాణాలకి కంపెనీ జెట్ ఆపుతారా? ఆఫీసు ప్రయాణాల ఖర్చు మొత్తంగానైనా వార్షిక నివేదికలో చూపిస్తారా? నేరుగా విమానాలున్న ఊళ్ళకి జెట్ వాడితే కారణం రాసిపెట్టి ఆడిట్ కమిటీకి చూపిస్తారా? వీటిలో మీ కంపెనీకి సరిపోయేది ఒకటి ఎంచుకోండి. మూడూ ఒకేసారి అడిగితే వాళ్ళకి తేలికైనదానికి మాత్రమే జవాబిస్తారు.

షేర్లు మీ పేరు మీద ఉంటే వార్షిక సమావేశంలో మాట్లాడొచ్చు. మన కంపెనీల్లో చాలావరకు ఇప్పుడు వీడియోలో జరుగుతున్నాయి కాబట్టి హైదరాబాద్‌లో కూర్చుని ముంబయి కంపెనీని అడగొచ్చు. మాట్లాడాలనుకునేవాళ్ళు ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, గడువు నోటీసులో ఉంటుంది. అక్కడ ఇచ్చే రెండు మూడు నిమిషాల్లో మొదటి నిమిషం పొగడ్తలతో పోతుండడం చాలా సమావేశాల్లో చూస్తాం. మీరు నేరుగా నివేదికలో పేజీ నంబరుతో మొదలుపెట్టండి.

మారినట్టు కనిపించడాన్నీ, మారడాన్నీ వేరుగా చూడండి

డెట్రాయిట్ ముగ్గురూ డిసెంబరు మొదట్లో మళ్ళీ వాషింగ్టన్ వచ్చారు. ఈసారి తమ కంపెనీల హైబ్రిడ్ కార్లలో, సుమారు 520 మైళ్ళు రోడ్డు మీద వచ్చారు. ఫొటోలు అన్ని చోట్లా వచ్చాయి. చాలామంది విమర్శ గెలిచిందనుకున్నారు. నా దృష్టిలో ఆ కారు ప్రయాణానికి విలువ తక్కువ. ఒక రోజంతా రోడ్డు మీద గడిపితే కంపెనీకి ఒరిగేదేమీ లేదు, మామూలు విమానం ఎక్కితే సరిపోయేది. దానితోపాటు జరిగినవి చూడండి. ఫోర్డ్ తన జెట్లు అమ్మేస్తానంది. జనరల్ మోటార్స్ తన విమాన విభాగాన్ని మూసేస్తానంది. జీతం తగ్గించుకునే ప్రశ్న వచ్చినప్పుడు నవంబరులో ఇప్పుడున్నది సరిగ్గానే ఉందన్నట్టు మాట్లాడిన ములాలి, ప్రభుత్వ రుణం తీసుకుంటే ఏడాదికి 1 డాలరు జీతానికి పనిచేస్తానని డిసెంబరులో రాసిచ్చారు. కొలవదగిన మార్పులంటే ఇవి.

కథ అక్కడితో అయిపోలేదు. డిసెంబరులో అడిగింది 3,400 కోట్ల డాలర్లకి పెరిగింది. సెనేట్‌లో బిల్లు నిలబడలేదు. డిసెంబరు 19న అధ్యక్షుడు బుష్ జనరల్ మోటార్స్, క్రైస్లర్‌లకి 1,740 కోట్ల డాలర్ల రుణం ప్రకటించారు. ఫోర్డ్ ఆ అత్యవసర రుణం తీసుకోలేదు. 2009 మార్చిలో ఒబామా ప్రభుత్వం కోరడంతో వాగనర్ దిగిపోయారు. ఏప్రిల్ 30న క్రైస్లర్, జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా పిటిషన్లు వేశాయి. జెట్ మీద రాసినవాళ్ళలో ఎంతోమంది డిసెంబరు ఫొటోలతోనే ఆగిపోయారు. ఫ్యాక్టరీలు మూతపడి, డీలర్లు వీధిన పడిన ఆ తర్వాతి నెలల్లోనే అడిగేవాళ్ళు ఎక్కువ అవసరమయ్యారు.

అందుకని మీరు అడిగిన ప్రశ్న, కంపెనీ ఇచ్చిన జవాబు, తేదీ, వాళ్ళు మాటిచ్చిన గడువు ఒకచోట దాచుకోండి. కంపెనీలో షేర్‌హోల్డర్ల ప్రశ్నలు చూసే ఇన్వెస్టర్ రిలేషన్స్ వాళ్ళకి ఈమెయిల్ చేసి, జవాబు లిఖితంగానే అడగండి. ఫోన్‌లో చెప్పింది మళ్ళీ చూపించలేరు. వచ్చే ఏడు ప్రాక్సీ లేదా వార్షిక నివేదిక రాగానే అదే గడి, అదే చిన్న అక్షరాలు తెరిచి నిరుటి అంకె పక్కన పెట్టండి. తగ్గితే తగ్గిందని అంతే స్పష్టంగా రాయండి. పెరిగితే పాత ఈమెయిల్‌ని జతచేసి, ఈసారి బోర్డు ఛైర్మన్ పేరు మీద పంపండి.